బేస్ వాయించకముందే ఆంప్ మోగుతోందా? మోత ఎక్కడ పుడుతోందో వెతికి పట్టుకునే పద్ధతి

బేస్ గిటార్ తగిలించిన ట్యూబ్ ఆంప్‌కి స్టాండ్‌బై స్విచ్ వేయగానే గుంయ్‌మని మొదలవుతుంది. ఇంకా తీగ మీద వేలు కూడా పెట్టలేదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ట్యూబులు, అంటే ఆంప్‌లో సిగ్నల్‌ని పెంచే గాజు వాల్వులు, మార్చడం. అవి కళ్లకి కనిపిస్తాయి, చేత్తో ఊడతాయి, ఆర్డర్ పెడితే వచ్చేస్తాయి, అందుకే అనుమానం ముందు వాటి మీదికే పోతుంది. నేనూ అదే చేశాను. నా జాజ్ బేస్‌తో వచ్చే మోత కోసం ప్రీఆంప్ ట్యూబులన్నీ (సిగ్నల్‌ని మొదట పెంచే చిన్నవి) మార్చాను, అది చాలక పవర్ ట్యూబుల (స్పీకర్‌ని నడిపే పెద్దవి) సెట్ కూడా కొన్నాను. కొన్ని నెలలు గడిచాక అసలు సంగతి బయటపడింది: బేస్ జాక్ నట్టు వదులై, కేబుల్ పెట్టి తీసిన ప్రతిసారీ జాక్ మొత్తం కొంచెం కొంచెం తిరిగిపోతూ, లోపల గ్రౌండ్ వైరు ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఐదు నిమిషాల సోల్డర్ పని. అంత డబ్బు, అంత టెన్షన్ దాని కోసం.

అందుకే ఈ గైడ్ మొత్తానికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. మోత బేస్‌లో పుడుతోందా, కేబుల్లోనా, పెడల్స్‌లోనా, గదిలోనా, ఆంప్‌లోనా, క్యాబినెట్‌లోనా అన్నది తేలేదాకా ఏదీ కొనొద్దు, ఏదీ విప్పొద్దు. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మార్చి మోత తగ్గిందంటే దేనివల్ల తగ్గిందో మీకు ఎప్పటికీ తెలియదు.

మొదలుపెట్టే ముందు, ప్రాణం సంగతి

ట్యూబ్ ఆంప్ లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ మామూలు విషయం, పెద్ద బేస్ ఆంప్‌లలో 700 దాకా ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ కరెంట్ నిలవ ఉండిపోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ ఛాసిస్ (ఆంప్ భాగాలన్నీ ఉండే లోహపు పెట్టె) విప్పకుండా చేసే పనులే. ఛాసిస్ లోపలి పని ఎక్కడ వస్తుందో అక్కడ టెక్నీషియన్‌కి ఏం చెప్పాలో రాశాను.

ఇంకో రెండు మాటలు. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ని ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇక మోత తగ్గుతుందని ఎవరైనా మెయిన్స్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేయమన్నా, ఎర్త్ లేని అడాప్టర్ వాడమన్నా వినొద్దు. మోత నిజంగానే తగ్గొచ్చు, కానీ ఆంప్‌లో ఏదైనా షార్ట్ అయిన రోజు ఆ కరెంట్ మీ తీగల మీదికి, అక్కడి నుంచి మీ చేతిలోకి వస్తుంది. తీగలు ముట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా సరే, మైక్ పెదవికి తగిలినప్పుడు చురుక్కుమన్నా సరే, అది మోత సమస్య కాదు. వెంటనే ఆపేసి ఆంప్‌నీ, గది వైరింగ్‌నీ చూపించండి.

ముందు చెవి పెట్టి వినండి

మోతలన్నీ ఒకటి కాదు. గుంయ్‌మని లావుగా, నిలకడగా వచ్చేది హమ్. జుయ్‌మని కందిరీగలా గీసుకుపోయేది బజ్. పాము బుసలా వచ్చేది హిస్. నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడేది క్రాకిల్. పడవ ఇంజన్‌లా టపటపటప అని లయగా కొట్టుకునేదాన్ని మోటర్‌బోటింగ్ అంటారు. దేనికి ఏ పేరు పెట్టాలో కచ్చితంగా తేలకపోయినా పర్వాలేదు, ఏ రకానికి దగ్గరగా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి.

హమ్ అయితే బేస్ వాయించేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, గిటారిస్టులకి అంత సులువుగా దొరకదు: ఆ మోత శ్రుతి మన తీగల మీదే ఉంటుంది. కరెంట్ 50 హెర్ట్జ్ ఉన్నచోట, ఇ తీగ మూడో ఫ్రెట్ దగ్గర జి నోట్ 49 హెర్ట్జ్, అంటే మెయిన్స్ హమ్‌కి దాదాపు పక్కనే. వదులుగా మీటిన జి తీగ 98 హెర్ట్జ్, అది 100 హెర్ట్జ్‌కి పక్కన. బేస్‌ని ట్యూనర్‌తో సరిగ్గా శ్రుతి చేసుకుని, మోత వస్తుండగా మెల్లగా వదులు జి తీగ మీటండి. మోత 100 హెర్ట్జ్ అయితే రెండూ కలిసి సెకనుకి రెండుసార్లు ఊగుతాయి, వావ్ వావ్ వావ్ అని స్పష్టంగా వినిపిస్తుంది. ఊగకపోతే ఇ తీగ మూడో ఫ్రెట్ ప్రయత్నించండి, మోత 50 అయితే అక్కడ సెకనుకి ఒకసారి నెమ్మదిగా ఊగుతుంది. కరెంట్ 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ఉంటే లెక్క మారుతుంది: 60 అనేది ఇ తీగ మీద ఆరు, ఏడు ఫ్రెట్ల మధ్య పడుతుంది, 120 జి తీగ మీద మూడు, నాలుగు ఫ్రెట్ల మధ్య.

ఇంత కష్టం ఎందుకంటే, 50 లేదా 60 అంటే సాధారణంగా పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, తీగ చుట్ట) బయటినుంచి లాగుతున్న అయస్కాంత క్షేత్రం, గ్రౌండ్ సమస్య, లేదంటే ట్యూబుల హీటర్ల నుంచి వచ్చేది. 100 లేదా 120 శుభ్రంగా వినిపిస్తే రెక్టిఫయర్ తర్వాతి పవర్ సప్లై మీద అనుమానం, ఎందుకంటే ఏసీని డీసీ చేసేటప్పుడు రిపుల్ (డీసీలో మిగిలిపోయే అల) రెట్టింపు ఫ్రీక్వెన్సీలో వస్తుంది. ఇది తీర్పు కాదు, దిశ మాత్రమే. గ్రౌండ్ లూప్ మోతలో అన్ని హార్మోనిక్స్ కలిసే ఉంటాయి, చిన్న స్పీకర్‌లో 50 అసలు వినపడదు కూడా.

రెండు నిమిషాల్లో సగం సమస్య తేలిపోతుంది

పెడల్స్, ట్యూనర్, డీఐ (మిక్సర్‌కి సిగ్నల్ పంపే బాక్స్ లేదా అవుట్‌పుట్), ల్యాప్‌టాప్, ఎఫెక్ట్స్ లూప్‌లో (ఆంప్ సెండ్, రిటర్న్ జాక్‌ల మధ్య) ఉన్నవి, అన్నీ తీసేయండి. బేస్, ఒక కేబుల్, ఆంప్, క్యాబినెట్. అంతే. ఆంప్ నాబులు మీరు మామూలుగా వాయించే చోటే ఉంచండి.

మొదట ఆంప్ ఇన్‌పుట్‌లో ఏమీ పెట్టకుండా వినండి. చాలా ఆంప్‌లలో ఇన్‌పుట్ జాక్‌కి ఒక స్విచ్ ఉంటుంది, ప్లగ్ లేనప్పుడు అది ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపేస్తుంది, కాబట్టి ఆంప్ దాదాపు నిశ్శబ్దంగా ఉండాలి. ఆ స్విచ్ కాంటాక్ట్ మురికి పట్టిపోతే ఖాళీ ఆంప్ కూడా గుంయ్‌మంటుంది, అది చూసి ఆంప్ పోయిందనుకోవద్దు. అందుకే నా బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక షార్టింగ్ ప్లగ్ ఉంటుంది: మామూలు పావు అంగుళం జాక్ ప్లగ్, లోపల టిప్‌నీ (ప్లగ్ మొన) స్లీవ్‌నీ (దాని వెనక లోహపు గొట్టం) ఒక చిన్న వైరు ముక్కతో కలిపి సోల్డర్ చేసింది. దాన్ని ఇన్‌పుట్‌లో పెడితే ఆంప్‌కి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది. అప్పుడూ మోత వస్తుంటే ఆంప్‌దే. రాకపోతే ఆంప్‌ని కాసేపు వదిలేయండి.

ఇక్కడ చాలామంది తప్పుదారి పట్టే చోటు ఒకటి ఉంది. కేబుల్ ఒక కొస ఆంప్‌లో పెట్టి, రెండో కొస గాలిలో వదిలేసి వింటారు, పెద్దగా మోత వస్తుంది, కేబుల్ పాడైందని తేల్చేస్తారు. గాలిలో వదిలిన కేబుల్ యాంటెన్నా లాంటిది, ఎంత మంచి కేబులైనా అలాగే అరుస్తుంది. దానివల్ల ఏమీ రుజువు కాదు.

సరైన పద్ధతి: కేబుల్ రెండో కొసని బేస్‌లో పెట్టి, బేస్ వాల్యూమ్ సున్నాకి తెండి. ప్రెసిషన్ తరహా (ఒకే వాల్యూమ్ నాబు ఉండే) పాసివ్ (బ్యాటరీ లేని) బేస్‌లో సున్నా అంటే లైను గ్రౌండ్ అయిపోయినట్టే, కాబట్టి మోత ఆగిపోవాలి. ఆగితే సమస్య వాల్యూమ్ నాబుకి ముందు, అంటే పికప్‌లు, వాటి వైరింగ్, గదిలోని క్షేత్రాలు. ఆగకపోతే కేబుల్, బేస్ జాక్. జాజ్ బేస్ తరహా రెండు వాల్యూముల వైరింగ్‌లో మాత్రం రెండూ సున్నాకి తెచ్చినా లైను పూర్తిగా గ్రౌండ్ అవ్వదు, సన్నటి రొద మిగలొచ్చు, దాన్ని పట్టించుకోవద్దు.

ఆఖరిది, ఆంప్ వాల్యూమ్ నాబు. తిప్పుతుంటే మోత కూడా పెరిగి తగ్గుతుంటే అది నాబుకి ముందున్న దశల్లో పుడుతోంది. నాబు ఎక్కడున్నా మోత మారట్లేదంటే నాబు తర్వాత, అంటే ఫేజ్ ఇన్వర్టర్ (పవర్ ట్యూబులకి సిగ్నల్‌ని రెండుగా విడదీసి ఇచ్చే దశ), పవర్ ట్యూబులు, పవర్ సప్లై. ఈ ఒక్క ముక్క టెక్నీషియన్‌కి చెబితే అతనికి చాలా పని తగ్గుతుంది.

మోత బేస్‌దని తేలితే

వాల్యూమ్ పూర్తిగా పెంచి, చేతులు తీగల మీద నుంచి తీసేయండి. వినండి. ఇప్పుడు తీగలు పట్టుకోండి. మోత తగ్గిందా? భయపడకండి, అది సరైన పనితీరే. మీ శరీరం గదిలోని కరెంట్ క్షేత్రాలని పోగుచేసి దగ్గరలో ఉన్న పికప్‌లకి అందిస్తుంది. తీగలు ముట్టుకోగానే బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు ద్వారా మీరూ గ్రౌండ్ అయిపోతారు, మోత పడిపోతుంది. తేడా మరీ భారీగా ఉంటే బేస్ లోపల షీల్డింగ్ (బయటి క్షేత్రాలని అడ్డుకునే లోహపు పొర) లేదనో, చాలడం లేదనో అర్థం. తీగలు ముట్టుకున్నా ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు తెగి ఉండొచ్చు. ముట్టుకుంటే మోత పెరుగుతోందంటే జాక్ దగ్గర సిగ్నల్ వైరూ గ్రౌండ్ వైరూ తారుమారు అయ్యాయేమో చూడండి, ఎవరైనా ఈమధ్య సోల్డర్ చేసి ఉంటే మరీను. నైలాన్ టేప్‌వౌండ్ తీగలు వాడేవాళ్లు ఈ పరీక్షలో మోసపోతారు, పైన నైలాన్ ఉంది కాబట్టి చెయ్యి లోహానికి తగలదు. వాళ్లు బ్రిడ్జ్‌నే ముట్టుకుని చూడాలి.

మల్టీమీటర్ ఉంటే ఒక్క స్క్రూ కూడా విప్పకుండా చాలా తెలుసుకోవచ్చు. కేబుల్‌ని బేస్‌లో పెట్టి, ఆంప్ వైపు కొసని చేతిలోకి తీసుకోండి. ఒక ప్రోబ్ ప్లగ్ స్లీవ్ మీద, రెండోది బ్రిడ్జ్ మీద: ఒకటి రెండు ఓమ్‌ల లోపే చూపించాలి. తర్వాత టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య, బేస్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి: ప్రెసిషన్ తరహా పాసివ్ బేస్‌లో సుమారు 10 కిలో ఓమ్‌లు వస్తుంది, జాజ్ తరహాలో రెండు పికప్‌లూ కలిసి సుమారు 4 కిలో ఓమ్‌ల లోపు. అంకె స్థిరంగా ఉందా అన్నది అంకె కన్నా ముఖ్యం. మీటర్ చూస్తూ జాక్ దగ్గర ప్లగ్‌ని అటూ ఇటూ కదపండి. అంకె ఎగిరెగిరి పడుతోందంటే దొంగ దొరికినట్టే. నా బేస్‌కి ఈ పని మొదటి రోజే చేసి ఉంటే నెలల బాధ తప్పేది.

జాక్ నట్టు వదులైతే, పైనుంచి స్పానర్‌తో అలా బిగించేయొద్దు. ప్లేట్ విప్పి, లోపల జాక్‌ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని అప్పుడు బిగించండి. లేకపోతే లోపలి వైర్లు మెలిపడి తెగుతాయి. ప్లేట్ విప్పినప్పుడే స్లీవ్ కాంటాక్ట్‌ని, టిప్ స్ప్రింగ్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచేయండి. నాబు తిప్పితే గరగరమంటే అదే క్లీనర్‌ని పాట్‌లోకి (నాబు కింద తిరిగే భాగం) కొట్టి పాతికసార్లు ఆ చివరనుంచి ఈ చివరకి తిప్పండి.

ఇప్పుడు పికప్‌ల దగ్గరికి. బేస్ పట్టుకుని కుర్చీలో గుండ్రంగా తిరగండి. ఒక దిశలో మోత బాగా పెరిగి, ఇంకో దిశలో దాదాపు మాయమైతే, సింగిల్ కాయిల్ పికప్ దగ్గరలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని లాగుతోంది. చాలాసార్లు ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీ ఆంప్‌లోదే. ఒకటి రెండు మీటర్లు దూరం జరగండి, కొంచెం పక్కకి తిరిగి కూర్చోండి. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురు చుట్టుతో, ఎదురు అయస్కాంత ధ్రువంతో ఉంటాయి కాబట్టి రెండు వాల్యూములూ సమానంగా పెడితే హమ్ కొట్టుకుపోతుంది, ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. అది లోపం కాదు, డిజైన్. ప్రెసిషన్‌లో 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్ కూడా అదే సూత్రం. అది గనక హమ్ అవుతుంటే ఒక ముక్క చచ్చిపోయిందేమో చూడండి: చిన్న ఇనుప స్క్రూడ్రైవర్‌తో రెండు ముక్కల మీదా మెల్లగా తట్టండి, రెండూ ఒకేలా ఠక్‌మనాలి.

చాలామంది మోత అనగానే కాపర్ ఫాయిల్ కొనుక్కొస్తారు. ఫాయిల్ కానీ, కండక్టివ్ పెయింట్ కానీ ఆపేది జుయ్‌మనే బజ్‌ని, అంటే విద్యుత్ క్షేత్రాన్ని. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే గుంయ్‌మనే అయస్కాంత హమ్‌ని అది ఆపలేదు. కుర్చీలో తిరిగితే మోత బాగా మారుతోందంటే ఫాయిల్ మీద డబ్బు తగలేయొద్దు, హమ్ కొట్టేసే పికప్ గురించి ఆలోచించండి. ఫాయిల్ వేయాల్సిందే అని తేలితే మాత్రం ప్రతి ముక్కా పక్క ముక్కతో, చివరికి గ్రౌండ్‌తో కలిసిందో లేదో మీటర్‌తో చూడండి. గ్రౌండ్ అవ్వని ఫాయిల్ ముక్క వల్ల లాభం లేదు. పని ముగిశాక కేబుల్ పెట్టగానే బేస్ పూర్తిగా మూగబోయిందా? జాక్ టిప్ స్ప్రింగ్ ప్లగ్ తోసినప్పుడు వంగి ఫాయిల్‌కి తగులుతోంది. అక్కడ ఇన్సులేషన్ టేప్ వేయండి.

పికప్ మీద బయటికి కనిపించే పోల్ పీసులని వేలు తాకినప్పుడల్లా టిక్ టిక్ అంటుంటే, అవి గ్రౌండ్ అవ్వకపోవడమే కారణం. పొడి వాతావరణంలో పిక్‌గార్డ్‌ని చేత్తో రుద్దితే చిటపటలాడేది స్టాటిక్, పిక్‌గార్డ్ వెనక ఫాయిల్ వేసి గ్రౌండ్ చేస్తే పోతుంది. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉన్నది) అయితే ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చండి, 8 వోల్టుల కిందికి వచ్చినదాన్ని నమ్మొద్దు. ట్రెబుల్ బూస్ట్ పెంచి ఉంచితే వచ్చే బుస ప్రీఆంప్ స్వభావం, నాబు తగ్గించడమే మందు.

కేబుల్

ఇంకో మంచి కేబుల్‌తో మార్చి చూడండి, దీనికి మించిన పరీక్ష లేదు. కేబుల్‌ని నేల మీద కొడితే ఆంప్‌లో దబ్‌దబ్‌మంటే దాన్ని వేదిక మీదికి తీసుకెళ్లొద్దు. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: స్పీకర్ కేబుల్, ఇన్‌స్ట్రుమెంట్ కేబుల్ పైకి ఒకేలా ఉంటాయి, లోపల పూర్తిగా వేరు. స్పీకర్ కేబుల్‌కి షీల్డ్ ఉండదు, దాన్ని బేస్‌కి పెడితే మోత ఖాయం. తిరగేసి ఇన్‌స్ట్రుమెంట్ కేబుల్‌ని హెడ్‌కీ (స్పీకర్ లేని విడి ఆంప్) క్యాబినెట్‌కీ మధ్య పెడితే ఇంకా ప్రమాదం, సన్నటి వైరు అంత పవర్ మోయలేదు, అది తెగిందంటే ఆంప్ లోడ్ లేకుండా నడిచి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

పెడల్స్, డీఐ, ల్యాప్‌టాప్

బేస్ నేరుగా పెడితే నిశ్శబ్దంగా ఉండి, పెడల్స్ కలపగానే మోత వస్తోందంటే ఒక్కొక్కటే చేరుస్తూ వెళ్లండి, ప్రతిదాని తర్వాతా ఆగి వినండి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అన్నిటికీ కరెంట్ ఇస్తుంటే, అందులో ఒక డిజిటల్ పెడల్ ఉంటే, దాని సన్నటి కీచు మిగతావాటిలోకి పాకుతుంది. అనుమానమున్న పెడల్‌కి బ్యాటరీ వేసి చూడండి. మోత పోతే మీకు కావాల్సింది కొత్త పెడల్ కాదు, ఒక్కో అవుట్‌పుట్ విడిగా ఉన్న ఐసొలేటెడ్ పవర్ సప్లై.

గ్రౌండ్ లూప్ అంటే ఇది: ఆంప్ ఒక సాకెట్‌లో ఎర్త్ అయింది, మిక్సర్ ఇంకో సాకెట్‌లో ఎర్త్ అయింది, ఇప్పుడు మీరు ఆంప్ డీఐ అవుట్ నుంచి మిక్సర్‌కి ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్‌లకి వాడే రకం) కేబుల్ వేశారు. ఆ కేబుల్ షీల్డ్‌తో రెండు ఎర్త్‌లూ కలిసి ఒక వలయం అయింది, అందులో తిరిగే చిన్న కరెంటే మీకు వినిపించే గుంయ్. డీఐ కేబుల్ పీకగానే మోత ఆగిందంటే ఇదే. డీఐ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయండి, అది ఆడియో కేబుల్ షీల్డ్‌ని మాత్రమే విడదీస్తుంది, మెయిన్స్ ఎర్త్‌ని ముట్టుకోదు, కాబట్టి క్షేమం. స్విచ్ లేకపోతే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ వాడండి. అన్ని పరికరాలనీ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టినా చాలాసార్లు సరిపోతుంది. ల్యాప్‌టాప్‌తో రికార్డ్ చేసేటప్పుడు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి, ఎంతో మందికి అక్కడే తీరిపోయింది.

గది

లైట్ డిమ్మర్లు, చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫోన్ చార్జర్లు, పాత ట్యూబ్‌లైట్ చోక్‌లు, మోడిఫైడ్ సైన్ వేవ్ ఇన్వర్టర్లు. ఒక్కొక్కటే ఆపేసి వినండి. డిమ్మర్ సగంలో ఉన్నప్పుడు బజ్ ఎక్కువ, పూర్తిగా పెంచితే తగ్గుతుంది, అలా పట్టుకోవచ్చు. ఫోన్‌ని పికప్ దగ్గర నుంచి దూరం పెట్టండి. రేడియో స్టేషన్ మాటలు వినిపిస్తున్నాయంటే ముందు కేబుల్, జాక్ సోల్డర్ అతుకులు చూడండి, సరిగా అతకని అతుకు రేడియో డిటెక్టర్‌లా పనిచేస్తుంది. అయినా పోకపోతే కేబుల్‌కి ఫెరైట్ క్లిప్ పెట్టండి.

ఆంప్‌దే అని తేలితే

ఎఫెక్ట్స్ లూప్ ఉంటే సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక చిన్న ప్యాచ్ కేబుల్ వేయండి. క్రాకిల్ ఆగినా, వచ్చి పోయే వాల్యూమ్ నిలకడ అయినా, ఆ జాక్‌ల లోపలి స్విచ్ కాంటాక్ట్‌లు మురికిపట్టాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ని పదిసార్లు పెట్టి తీయండి. పెద్ద జబ్బులా కనిపించే చాలా సమస్యలు ఇక్కడే ముగుస్తాయి.

తర్వాత ట్యూబులు. ఇక్కడ తొందర వద్దు. ఆంప్ ఆన్‌లో ఉండగా, చెక్క పెన్సిల్ వెనక కొసతో ఒక్కో చిన్న ట్యూబ్‌ని మెల్లగా తట్టండి. ఇన్‌పుట్‌కి దగ్గరున్న మొదటి ట్యూబ్ కొద్దిగా టక్‌మనడం సహజం, అక్కడి నుంచి సిగ్నల్ పెరగాల్సింది చాలా ఉంది కదా. కానీ గంటలా ఖంగుమని మోగి సాగితే, తట్టగానే చిటపట మొదలైతే, కీచుమని అరిస్తే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయింది, అంటే అదురుని మైక్‌లా శబ్దంగా మారుస్తోంది. బేస్‌కి ఇది గిటార్ కన్నా ఎక్కువ వేధిస్తుంది, ఎందుకంటే హెడ్ క్యాబినెట్ మీదే కూర్చుని ఉంటుంది, కింద ఇ తీగ 41 హెర్ట్జ్‌తో అదురుతుంటే పైన ట్యూబులన్నీ వణుకుతాయి. హెడ్‌ని దించి పక్కన కుర్చీ మీద పెట్టి అదే వాల్యూమ్‌లో వాయించండి. మోత పోతే అనుమానం తీరింది.

ఏ ట్యూబో తేలకపోతే ఇలా: ఆంప్ ఆపేసి, చల్లారనిచ్చి, మొదటి ప్రీఆంప్ ట్యూబ్‌ని తిన్నగా పైకి లాగి తీయండి, మళ్లీ ఆన్ చేసి వినండి. మోత ఆగితే అది ఆ ట్యూబ్ దశలోనే ఉంది. ఆగకపోతే దాన్ని తిరిగి పెట్టి తర్వాతిది. పవర్ ట్యూబుల పక్కనుండే ఫేజ్ ఇన్వర్టర్, డ్రైవర్ ట్యూబుల జోలికి మాత్రం వెళ్లొద్దు, కొన్ని పెద్ద బేస్ ఆంప్‌లలో పవర్ ట్యూబుల బయస్ (వాటి కరెంట్‌ని అదుపులో ఉంచే వోల్టేజ్) వాటి గుండానే వెళ్తుంది. దశ దొరికాక కొత్తది కొనేముందు, ఆంప్‌లోనే ఉన్న అదే రకం ఇంకో ట్యూబ్‌తో స్థానాలు మార్చండి. మోత కూడా మారి రెండో చోటికి వెళ్తే ట్యూబ్‌దే తప్పు. కదలకపోతే ట్యూబ్ నిర్దోషి, సాకెట్ కానీ దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లు కానీ. గాజు మీద రాసింది చదవండి: 12ఏఎక్స్7, 12ఏటీ7, 12ఏయూ7 మూడూ ఒకేలా ఉంటాయి, ఒకటి కాదు. ఈసీసీ83 అని ఉంటే అది 12ఏఎక్స్7కి ఇంకో పేరే. ట్యూబ్‌ని సాకెట్‌లో కొద్దిగా కదిపితే క్రాకిల్ వస్తోందంటే పిన్నులు మురికి, లేదా సాకెట్ పట్టు వదిలింది.

పవర్ ట్యూబులని కళ్లతో చూడండి, చీకట్లో అయితే ఇంకా మంచిది. గాజు లోపలి వైపు నీలంగా మెరవడం మామూలే. లోపల బూడిదరంగు ప్లేట్ ఎర్రగా కాలుతోందంటే ఆ క్షణమే ఆపేయండి, అక్కడ మోత కన్నా పెద్ద ప్రమాదం ఉంది.

ఇక్కడి నుంచి టెక్నీషియన్ పని

వాల్యూమ్ నాబుతో మారని 100 లేదా 120 హెర్ట్జ్ హమ్ అంటే ఎక్కువసార్లు ఎలక్ట్రోలైటిక్ ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి, పాత ఆంప్‌లో అయితే మొదట అడగాల్సింది వాటి గురించే. జత కుదరని పవర్ ట్యూబుల వల్ల కూడా అదే హమ్ వస్తుంది: పుష్‌పుల్ (ట్యూబులు రెండు వైపులుగా వంతులవారీగా పనిచేసే) అవుట్‌పుట్‌లో రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడే రిపుల్ కొట్టుకుపోతుంది. మోటర్‌బోటింగ్ వస్తే దశలని వేరుచేసే డీకప్లింగ్ కెపాసిటర్ మీద అనుమానం. ఏమీ పెట్టకుండానే చిటపట, బుస వస్తూ ట్యూబులు మార్చినా పోకపోతే ప్లేట్ రెసిస్టర్లు, పాత కార్బన్ కాంపోజిషన్ రకం అయితే మరీ. ఆంప్ పాట్ తిప్పితే గరగరమని, క్లీనర్‌కి కూడా లొంగకపోతే కప్లింగ్ కెపాసిటర్ డీసీ లీక్ చేస్తోందేమో చూడమనండి. 50 లేదా 60 హెర్ట్జ్ అయితే హీటర్ వైరింగ్. కొన్ని ఆంప్‌లకి వెనక హమ్ బ్యాలెన్స్ నాబు ఉంటుంది, ఉంటే ముందు అది తిప్పి మోత కనిష్ఠంగా ఉన్నచోట ఆపండి.

బేస్ వాళ్లకి ప్రత్యేకంగా వినిపించే ఒక లక్షణం ఉంది, ఘోస్ట్ నోట్. గట్టిగా వాయించినప్పుడు మీ నోట్ కింద, పాటతో ఏ సంబంధమూ లేని ఇంకో నోట్ బేసురుగా తోడొస్తుంది. జి తీగ పన్నెండో ఫ్రెట్ 196 హెర్ట్జ్, పవర్ సప్లైలోని 100 హెర్ట్జ్ రిపుల్ దానితో కలిస్తే 96 దగ్గర, 296 దగ్గర దయ్యాల్లా రెండు నోట్లు పుడతాయి. ఫ్రెట్ మార్చితే అవీ కదులుతాయి, కానీ హార్మోనీలో ఎక్కడా కుదరవు. చాలామంది దీన్ని తమ ఇంటొనేషన్ తప్పనుకుని బ్రిడ్జ్ సాడిల్స్ తిప్పుతూ కూర్చుంటారు. తక్కువ వాల్యూమ్‌లో పోయి, ఎక్కువ వాల్యూమ్‌లో వస్తోందంటే మళ్లీ ఫిల్టర్ కెపాసిటర్లే.

ఆంప్ ఇచ్చేటప్పుడు "మోత వస్తోంది" అని ఒక్క మాట చెప్పి వచ్చేయకండి. ఒక కాగితం రాసి పెట్టండి: షార్టింగ్ ప్లగ్ పెట్టినా వస్తోందా, ఏ నాబుతో మారుతోంది, ఏ శ్రుతిలో ఉంది, ఆన్ చేయగానే వస్తోందా లేక ఇరవై నిమిషాలు వేడెక్కాక వస్తోందా, ఏ ట్యూబ్ తీస్తే ఆగింది. వేడెక్కాక మాత్రమే వచ్చే క్రాకిల్ ఆ టేబుల్ మీద పది నిమిషాలు ఆన్ చేసి చూస్తే కనిపించదు, మీరు చెప్పకపోతే "ఏమీ లేదు" అని ఆంప్ తిరిగొస్తుంది.

క్యాబినెట్ అదిరితే

కొన్ని మోతలకి కరెంట్‌తో సంబంధమే ఉండదు. అడుగు ఇ నుంచి ఒక్కో ఫ్రెట్ చొప్పున నెమ్మదిగా పైకి వాయించండి. ఒకటి రెండు నోట్ల దగ్గరే జర్‌ర్‌మని వస్తోందంటే ఏదో వదులుగా ఉంది. ఎవరినైనా ఆ నోట్ వాయిస్తూ ఉండమని, మీరు చేత్తో హ్యాండిల్స్, గ్రిల్, జాక్ ప్లేట్, మూలల ఇనుప ముక్కలు, హెడ్ వెనక ట్యూబుల్ని పట్టి ఉంచే స్ప్రింగ్ క్లిప్పులు ఒక్కొక్కటే గట్టిగా అదిమి పట్టుకోండి. దేన్ని అదిమితే ఆగిందో అదే. క్యాబినెట్ మీద పెట్టిన ట్యూనరో, తాళాలో కావచ్చు, ముందు అవి తీయండి. గదిలో స్నేర్ డ్రమ్, కిటికీ అద్దాలు కూడా ఇలాగే మోసం చేస్తాయి.

ఇవేవీ కాకపోతే స్పీకర్. ఆంప్ ఆపి, గ్రిల్ తీసి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ని మధ్యలో డస్ట్ క్యాప్ చుట్టూ సమానంగా, అతి మెల్లగా లోపలికి తోసి వదలండి. నున్నగా వెళ్లి రావాలి. సరసరమని గీసుకున్నట్టు వేళ్లకి తెలిస్తే వాయిస్ కాయిల్ రుద్దుకుంటోంది, దానికి రీకోన్ (కోన్, కాయిల్ కొత్తవి వేయించడం) తప్పదు. నిర్ధారణ కోసం అదే ఇంపీడెన్స్ ఉన్న ఇంకో క్యాబినెట్ తగిలించి వినండి.

ఇంకా మిగిలిన బుస

ఎంత సరిచేసినా ట్యూబ్ ఆంప్‌లో కొంచెం బుస ఉంటుంది. క్యాబినెట్‌లో ట్వీటర్ ఉంటే వెనక దాని లెవెల్ నాబు తగ్గించి చూడండి, బేస్‌కి అవసరమైన ధ్వని పెద్దగా పోకుండానే బుస సగానికి సగం తగ్గినట్టు వినిపిస్తుంది. బేస్ వాల్యూమ్ సగం పెట్టుకుని ఆంప్ గెయిన్ పూర్తిగా పెంచేవాళ్లు తిరగేయండి, బేస్ నిండుగా, గెయిన్ అవసరమైనంతే. నాయిస్ గేట్ నేను చివరికి పెట్టమంటాను, అది మోతని బాగుచేయదు, నోట్ల మధ్య మూసేస్తుందంతే, పొడుగ్గా సాగే నోట్ తోకని కూడా కోసేస్తుంది. పెట్టక తప్పకపోతే థ్రెషోల్డ్‌ని ముందు సున్నాలో ఉంచి, వదులు ఇ తీగ మీటి అది పూర్తిగా ఆరిపోయేదాకా వింటూ కొంచెం కొంచెంగా పెంచండి, తోక తెగడం మొదలైన చోటు నుంచి ఒక అడుగు వెనక్కి తిప్పి వదిలేయండి.